గొట్టం మర్చిపోయిన ఆదివారం

నా ఉద్యోగం పాతపట్నంలో, ఇల్లు పర్లాకిమిడిలో. రోజూ పొద్దున్న ఒడిశా నుంచి ఆంధ్రాకి వెళ్లి సాయంత్రం తిరిగి వస్తానంటే దూరాన ఉన్న చుట్టాలు అయ్యో అంటారు గానీ, అంతా కలిపి పావుగంట దారి. దానికి ఏ బండైనా చాలు. సెలవు రోజున మహేంద్రగిరి వైపు మట్టిదార్లలో తిరిగే పిచ్చి ఒకటుంది కాబట్టి ఎత్తు బండి కొన్నాను. సెకండ్ హ్యాండ్, 200 సీసీ, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18.

వానాకాలం అంతా గెడ్డలు, అంటే కొండవాగులు, దాటించాను. ఇంటికొచ్చాక వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే ఆ కుర్రాడు నీళ్ల గన్ను తిన్నగా చక్రం నడిమి భాగం, అదే హబ్బు, మీదే పెట్టి మట్టి కడిగేవాడు. తళతళా మెరిసేది, నాకూ ముచ్చటగా ఉండేది. దసరా అయ్యాక ఓ రోజు నలభై దాటగానే ముందు నుంచి గూం అని సన్నటి మోత మొదలైంది. టైరు చప్పుడేమో అనుకున్నాను. మట్టిటైరు తారురోడ్డు మీద ఎలాగూ మోగుతుంది కదా. వారం తిరిగేసరికి మలుపుల్లో హ్యాండిల్ కొంచెం తేలిపోయినట్టు అనిపించింది.

ఇంజిన్ కింద సిమెంటు దిమ్మ, దాని మీద చెక్కముక్క పెట్టి ముందు చక్రం లేపాను. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి అటూ ఇటూ కుదిపితే టక్, టక్. హ్యాండిల్ తిరగడానికి దాని మొదట్లో ఉండే గోళీల వరస, బాల్‌రేసు, వదులై ఆడినా ఇలాగే ఉంటుంది. అందుకని చక్రానికి రెండు పక్కలా ఉండే కాళ్లు, అదే ఫోర్కులు, మా బావని గట్టిగా పట్టుకోమని మళ్లీ కుదిపాను. ఫోర్కు కదల్లేదు, చక్రం కదిలింది. తర్వాత ఫోర్కు కింది చివర వేళ్లు ఆనించి చక్రం తిప్పితే, అన్నంలో ఇసుక తగిలినప్పుడు పంటికి ఎలా ఉంటుందో వేళ్లకి అలా ఉంది. బేరింగులు పోయాయి. చక్రం నున్నగా తిరగడానికి హబ్బులో రెండు వైపులా ఉండేవే అవి, లోపలి రింగు, బయటి రింగు, మధ్యలో గోళీలు.

నిజానికి ఈ బేరింగులు కిందటేడాదే ఓ షాపులో వేయించాను. ఏడాదికే ఎందుకు పోయాయో ఈసారి విప్పి నా కళ్లతో చూడాలనిపించింది. ఇంట్లోనే చేస్తానంటే మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు టెన్షన్.

శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. చక్రం మధ్యలోంచి వెళ్లే ఇరుసు, అదే యాక్సిల్, దాని నట్టు విప్పడం, చక్రం దించడం పావుగంట పని. చక్రంతో పాటు బ్రేకు డిస్కు బయటికి రాగానే ప్యాడ్ల మధ్య అట్టముక్క మడిచి పెట్టాను. ఆ ఖాళీలో ఎవరైనా లివరు నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, అదో కొత్త పని. మా పాపకి ఆరేళ్లు, కనిపించిన లివరల్లా నొక్కుతుంది. చక్రాన్ని డిస్కు మీద ఆనించకూడదు కాబట్టి పెరట్లో పాత కారు టైరు వేసి దాని మీద పడుకోబెట్టాం.

బేరింగు మీద మూతలా ఉండే రబ్బరు రింగు, ఆయిల్ సీలు, స్క్రూడ్రైవరుతో ఎత్తగానే సగం జవాబు దొరికింది. సీలు పెదవి ఒక చోట చిరిగి ఉంది, లోపల గ్రీజు బదులు కాఫీ రంగు బురద. కింద కనిపించిన బేరింగుకి రబ్బరు మూత లేదు, రేకు మూత ఉంది. జెడ్‌జెడ్ అని రాసి ఉంటుంది. అది దుమ్ముని ఆపుతుంది గానీ నీళ్లని ఆపదు. మోటార్లకి, ఫ్యాన్లకి సరిపోతుంది. గెడ్డలో దిగే చక్రానికి రెండు వైపులా రబ్బరు మూత ఉన్న 2ఆర్ఎస్ రకం కావాలి. బ్రేకు వేసి వేసి వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడి నుంచి నీళ్లని లోపలికి పీలుస్తుంది. పైగా వారానికోసారి ప్రెషర్ గన్ను. తప్పు ఆ షాపువాళ్లదే అందామంటే సగం నాది కూడా.

బేరింగు మీద అంకె తుడిచి చూస్తే 6302. ఇది తెలిస్తే బండి పేరు చెప్పకుండానే ఏ బేరింగు షాపులోనైనా కొనుక్కోవచ్చు. చివరి 02 అంటే లోపలి రంధ్రం 15 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి అయితే అయిదుతో గుణిస్తే చాలు, 04 అంటే 20, 05 అంటే 25. 6302కి బయటి కొలత 42, మందం 13. అయినా నేను స్కేలు పెట్టి కొలిచాను, నమ్మకం లేక.

పాత బేరింగు తీయడమే అసలు కష్టం. రెండు బేరింగుల మధ్య ఒక ఇనప గొట్టం ఉంటుంది. మాన్యువల్లో స్పేసర్ అంటారు, మెకానిక్కులు కాలర్ అనో డిస్టెన్స్ పీస్ అనో అంటారు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అందుకని నేను గొట్టం అనే అంటాను. పై నుంచి పొడవాటి రాడ్డు దింపి గొట్టాన్ని కొంచెం పక్కకి నెడితే అవతలి బేరింగు లోపలి రింగు అంచు గోరంత బయటపడుతుంది. ఆ అంచు మీద రాడ్డు ఆనించి ఒక దెబ్బ, ఎదురు వైపు ఒక దెబ్బ, మళ్లీ ఇటు. ఒకే వైపు కొడితే బేరింగు వంకరగా ఇరుక్కుంటుంది. రాడ్డు జారిపోతూనే ఉంది, బావ వేలు ఒకసారి నలిగింది కూడా. ఇరవై నిమిషాలకి అది ఊడి కింద పడింది, వెనకే గొట్టం పడింది. గొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, వరండాలో పేపరు మీద పెట్టాను. ఈ ముక్క గుర్తుంచుకోండి.

గొట్టం అడ్డు పోయింది కాబట్టి రెండోది తేలిగ్గా వస్తుందనుకున్నాం. నాలుగు దెబ్బలు వేసేసరికి ఖళ్లుమని ఏదో రాలింది. చూస్తే లోపలి రింగు, గోళీలు, గోళీల్ని ఎడంగా పట్టి ఉంచే కేజ్ తుప్పు పట్టి ముక్కలై, అన్నీ కింద ఉన్నాయి. బయటి రింగు మాత్రం హబ్బులోనే ఉండిపోయింది. దాన్ని కొట్టడానికి పట్టు ఎక్కడా లేదు. వెనక హబ్బు గట్టు, ముందు నున్నటి ఇనుము.

చీకటి పడేవేళకి చక్రం భుజాన వేసుకుని మెయిన్ రోడ్డులో వెల్డింగ్ షాపుకి వెళ్లాం. మిస్త్రీ ఒరియా ఆయన, తెలుగు మాకంటే బాగా మాట్లాడతాడు. రింగు చూసి నవ్వాడు. "ఇంతేనా బాబూ? కూర్చోండి, టీ తాగండి" అన్నాడు. టైరు మీద తడి గోనె కప్పి, ఆ ఉక్కు రింగు లోపలి గోడ వెంట చుట్టూ ఒక వెల్డు గీత లాగాడు. అంతే. పక్కకి జరిగి బీడీ వెలిగించాడు. రింగు ఎర్రబడింది, నల్లబడింది, రెండు నిమిషాలు గడిచాయి. చక్రం తిరగేసి చెక్కమీద ఒక తాపు తాపితే రింగు చేతి గాజు జారినట్టు జారి పడింది. వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది, తనతో పాటు రింగుని కూడా లోపలికి లాగి కొలత తగ్గిస్తుందట. నేను గంట సేపు సుత్తితో చేయలేనిది ఆయన బీడీ కాలే లోపు చేశాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

అక్కడి నుంచే బేరింగు షాపుకి. "భాయినా, 6302, రెండు పక్కలా రబ్బరు" అని అడిగాను. మూడు కంపెనీలు చూపించాడు. ఒకదాని డబ్బా మీద అక్షరాలు కాస్త అలికినట్టు ఉన్నాయి, ధర మరీ తక్కువ. పేరున్న బేరింగులకి నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి అది పక్కన పెట్టేశాను. రెండు బేరింగులు, రెండు ఆయిల్ సీళ్లు కలిపి 620 అయింది. బేరింగులు రాత్రి ఫ్రీజరులో పెట్టాను, పాలిథిన్ కవరులో గట్టిగా చుట్టి, చేపల పక్కన. మా ఆవిడ అప్పుడు మాత్రం ఒక మాట అంది, ఇక్కడ రాయను.

ఆదివారం పొద్దున్న స్టిక్కర్ల షాపు స్నేహితుడి దగ్గర హీట్ గన్ను తెచ్చాను. హబ్బు అల్యూమినియం, బేరింగు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. హబ్బుని డెబ్బై డిగ్రీలు వేడెక్కించి, బేరింగుని ఫ్రీజరులోంచి తీసి వెంటనే పెడితే రెంటి మధ్యా ఓ వెంట్రుక మందం తేడా వస్తుంది. వినడానికి ఏముంది అనిపిస్తుంది గానీ బిగుతంతా ఆ వెంట్రుకలోనే ఉంది. హబ్బులో బేరింగు కూర్చునే గూడు శుభ్రంగా తుడిచి, వేలితో పలచగా గ్రీజు రాసి, గన్ను గుండ్రంగా తిప్పుతూ నిదానంగా వేడెక్కించాను.

డిస్కు వైపుది ముందు. బయటి రింగుకి సరిపోయే పెద్ద సాకెట్, అంటే నట్లు విప్పే గుండ్రటి పానా, పెట్టి కొట్టాను. కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గోళీల మీదుగా వెళ్లి దారిలో గుంటలు పెడుతుంది. ఒక్కో దెబ్బకీ టంగ్, టంగ్ అని బోలుగా మోగుతూ, గూటి అడుగుకి తగలగానే చప్పుడు ఠప్ అని మూగబోయింది. ఆ మార్పు వినిపిస్తే ఆపేయాలి.

చక్రం తిరగేశాం. రెండో వైపు వేడెక్కించి, మంచు పట్టిన బేరింగు గూట్లో పెడితే సగం దానంతట అదే దిగిపోయింది. నేనూ బావా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాలుగు దెబ్బలతో ఠప్ అంది. చేతులు దులుపుకున్నాను.

అప్పుడు వరండాలోంచి పాప గొంతు. "నాన్నా, దీంట్లోంచి చూస్తే మావయ్య గుండ్రంగా ఉన్నాడు!"

ఒక కన్ను మూసుకుని, రెండో కంటికి గొట్టం పెట్టుకుని మా వైపే చూస్తోంది.

పడక్కుర్చీలో ఉన్న మా నాన్న తలెత్తి, "ఏటిరా ఆ గొట్టం? అది లోపల కదా ఉండాల?" అన్నారు. ఆయన జీవితంలో సైకిలు తప్ప ఏదీ విప్పలేదు.

గొట్టం లేకపోతే ఏమవుతుందంటే, యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ బలానికి రెండు బేరింగుల లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. బయటి రింగులు హబ్బులో స్థిరంగా ఉంటాయి కాబట్టి గోళీలు పక్కవాటున నలుగుతాయి. చక్రం బిగుసుకుంటుంది, బేరింగు వేడెక్కి త్వరలోనే పోతుంది. గొట్టం ఉంటే నట్టు బలమంతా అదే మోస్తుంది, గోళీల మీద పడదు.

మళ్లీ హబ్బు వేడెక్కించి, తిరగేసి చెక్కమీద తాపి చూశాను, దానంతట అది పడుతుందేమో అని. పడలేదు. ఇక గత్యంతరం లేక రాడ్డు తీసుకుని లోపలి రింగు మీదే కొట్టాల్సి వచ్చింది. ఏది చేయకూడదని ఇందాక బావకి లెక్చరు ఇచ్చానో అదే. మూడు దెబ్బలకి వచ్చింది. వేలికి తగిలించి తిప్పితే నున్నగానే తిరుగుతోంది. కళ్లు మూసుకుని నిదానంగా తిప్పాను. ఒకచోట సన్నగా టిక్ అని పట్టింది. మరో చుట్టు. అదే చోట టిక్.

"కొత్తదే కదా, ఏసెయ్" అన్నాడు బావ. వేయలేదు. కొత్తది 240 రూపాయలు. మహేంద్రగిరి కింద సెల్లు సిగ్నల్ లేని దారిలో చక్రం బిగుసుకుంటే బండిని తోసుకుని వచ్చేది బావ కాదు. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇంకోటి కొన్నాను.

ఈసారి గొట్టం జేబులో పెట్టుకుని పని మొదలుపెట్టాను. గొట్టం లోపల నిలబెట్టి, యాక్సిల్ దూర్చి సూటిగా ఉందని చూసి, తర్వాత రెండో బేరింగు. ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. మొదటిది గూటి అడుగుకి తగిలేదాకా కొట్టాలి. రెండోది గొట్టానికి తగలగానే ఆపాలి. హుషారులో ఇంకో రెండు దెబ్బలు వేస్తే లోపలి రింగులు గొట్టాన్ని అటూ ఇటూ నొక్కేస్తాయి, మళ్లీ అదే బిగుతు. ఒక్కో దెబ్బకీ ఆగి, రంధ్రంలో వేలు పెట్టి గొట్టాన్ని పక్కకి నెట్టి చూశాను. కాస్త బలం పెడితే కదిలేంత దగ్గర ఆపాను. సీళ్ల పెదవికి గ్రీజు రాసి చేత్తోనే నొక్కాను.

చక్రం ఎక్కించడం సులువే. యాక్సిల్ నట్టు బిగించాక, ఫోర్కు కింద యాక్సిల్‌ని పట్టుకునే చిన్న బోల్టులు అప్పుడే బిగించకుండా, హ్యాండిల్ మీద బరువేసి నాలుగైదు సార్లు ఫోర్కులు కిందికీ పైకీ ఊపాను, ఫోర్కు కాళ్లు రెండూ సూటిగా కుదురుకోవాలని. తర్వాత అవి. చివరికి బ్రేకు లివరు గట్టిపడేదాకా పంపు చేశాను. ఈసారి ఆ పని పాపకే ఇచ్చాను.

చక్రాన్ని ఒక వేలితో తోస్తే తిరుగుతూ ఉంది, ప్యాడ్ల సన్నటి రాపిడి తప్ప చప్పుడు లేదు. రాత్రే పాతపట్నం దాకా వెళ్లి వచ్చి హబ్బు మీద అరచెయ్యి పెట్టాను. డిస్కు వెచ్చగా ఉంది గానీ బేరింగు దగ్గర చల్లగా ఉంది. ఇప్పటికి నాలుగు వందల కిలోమీటర్లు అయ్యాయి, రెండుసార్లు దిమ్మ మీద లేపి కుదిపి చూశాను. టక్ లేదు. బండి ఇప్పుడు బకెట్టు, మగ్గుతో నేనే కడుగుతున్నాను.

స్టిక్కర్ల షాపు స్నేహితుడు హీట్ గన్ను గురించి రెండుసార్లు ఫోన్ చేశాడు. వెనక చక్రం కూడా అయ్యాక ఇస్తానని చెప్పాను.