లైన్ క్లియర్ ఇచ్చావా?

రాత్రి రెండింటికి మా నాన్న చేతికున్న సెలైన్ సూది పీకేసుకుని, మంచం దిగి వార్డు తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా మీదంతా రక్తం. "మాచర్ల బండి హోమ్ సిగ్నల్ దగ్గర ఆగిపోయి ఉంది. లైన్ క్లియర్ ఇచ్చావా లేదా?" అని నర్సు మీద ఒకటే కేకలు.

నాన్నకి ఎనభై మూడేళ్లు. స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. గుంటూరు-మాచర్ల లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి అన్నీ తిరిగాడు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. పొద్దున తిన్న టిఫిన్ మధ్యాహ్నానికి గుర్తుండదు, నన్ను ఒక్కోసారి మా మేనత్త అనుకుంటాడు. అయినా తన స్నానం తను చేసేవాడు, పేపరు చదివేవాడు (ఒకే పేజీ నాలుగుసార్లు), సాయంత్రం వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు.

అలాంటి మనిషి సంక్రాంతి వెళ్లిన వారం, నాలుగంటే నాలుగు రోజుల్లో తారుమారైపోయాడు. పగలంతా మగత, రాత్రంతా మెలకువ. గోడ మీద చీమలు పాకుతున్నాయని దులిపేవాడు. అమ్మని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు. మొదట చూపించిన డాక్టరు "వయసు కదండీ, జబ్బు ముదిరింది" అని నిద్రమాత్ర రాశారు. అది వేశాక ఇంకా పాడైంది. "ఇక ఇంతేనేమో అక్కా" అన్నాడు తమ్ముడు ఫోన్లో. దాచడం దేనికి, నేనూ అదే అనుకున్నాను.

రెండో ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చాలా చిన్నపిల్ల. "ఇలా అవడం నెలల్లో అయిందా, రోజుల్లో అయిందా?" అని అడిగింది. రోజుల్లోనే అన్నాను. "అయితే ఇది డిమెన్షియా, అంటే ఆ మతిమరుపు జబ్బు, పెరగడం కాదండీ. డెలీరియం, అంటే ఉన్నట్టుండి కమ్మే అయోమయం. వెనక ఏదో కారణం ఉంటుంది, వెతుకుదాం" అంది. రక్తపరీక్షలో సోడియం 116 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145.

కారణం మా వంటింట్లోనే ఉంది. నాన్న వాడే బీపీ మాత్రలో ఒంట్లో నీరు లాగేసే మందు కలిసి ఉంటుంది. దానికి తోడు ఉప్పు తగ్గించమన్నారని అమ్మ మొత్తానికే మానేసింది. ఆవకాయ జాడీ అటకెక్కి ఏడాదైంది. ఈ మాట వినగానే అమ్మ బెంచీ మీద కూలబడిపోయింది. పెద్దవాళ్లలో ఆ మాత్ర ఒక్కటే చాలు సోడియం పడిపోవడానికి, మీ తప్పు కాదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. అమ్మ నమ్మినట్టు లేదు.

తొందరగా ఎక్కించెయ్యండి అన్నాను. కుదరదట. రోజుకి ఎనిమిది పాయింట్లు దాటి పెరిగితే మెదడే దెబ్బతినొచ్చట. చుక్క చుక్క ఎక్కించాలి, ఆరు గంటలకోసారి రక్తం తీయాలి. ఆ సూదే ఆయన పీకేసింది.

చేతులు కట్టేద్దామంది నర్సు. "నాన్నా, ఇది ఆసుపత్రి. నువ్వు రిటైరై ఇరవైమూడేళ్లయింది" అన్నాను నేను. నన్ను శత్రువుని చూసినట్టు చూశాడు. అప్పుడు అమ్మ లేచి కొంగు సర్దుకుని, "ఇచ్చేశారండీ. ఇప్పుడే నడికుడి నుంచి చెప్పారు" అంది.

"టోకెనో?"

"అదీ ఇచ్చారు. బండి వెళ్లిపోయింది, మీరు కాసేపు నడుం వాల్చండి."

వచ్చి పడుకున్నాడు.

ఆ రోజుల్లో ఆ సింగిల్ లైన్ల మీద రెండు స్టేషన్ల మధ్య ఒకటే బండి ఉండాలి. అవతలి స్టేషన్ బండిని పంపమని ఒప్పుకుంటేనే, అదే లైన్ క్లియర్, ఇవతల మిషన్లోంచి ఇనప బంతి ఒకటి బయటికొచ్చేది. ఆ బంతే టోకెన్. దాన్ని తోలు సంచిలో పెట్టి, బెత్తపు రింగుకి కట్టి, కదులుతున్న ఇంజన్‌కి అందించేవాళ్లు. ఫైర్‌మన్ మోచేతికి తగిలించుకునేవాడు. అది చేతికి రాకుండా డ్రైవరు బండి ముందుకి పోనిచ్చేవాడు కాదు. చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. ఆసుపత్రిలో మాత్రం గుర్తు రాలేదు, అమ్మకొచ్చింది.

ఆ రాత్రి నుంచి నేను "గుర్తుందా నాన్నా?" అనడం మానేశాను. ఆ మాట అడిగితే పాఠం రాని పిల్లాడిలా నేల చూపులు చూసేవాడు. దాని బదులు నేనే ఒక ముక్క అందించేదాన్ని, పిడుగురాళ్ల క్వార్టర్స్, సున్నం బట్టీల పొగ, ఆరేసిన బట్టల మీద తెల్లటి పొడి. తోచినప్పుడు అందుకునేవాడు. మా అమ్మాయి ఎంబ్రాయిడరీ రింగు చేతిలో పెడితే చూడకుండానే మోచేతి దాకా ఎక్కించుకున్నాడు.

ఆరో రోజుకి సోడియం 132. కానీ మనిషి తేరుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ముందు నిద్ర దారికొచ్చింది, తర్వాత చీమలు పోయాయి, ఆ తర్వాత అమ్మ మళ్లీ అమ్మయింది. మాత్ర మార్చారు. అల్జీమర్స్ అలాగే ఉంది, నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ మేనత్తనే.

ఇంటికొచ్చిన నెలకి, భోజనాల దగ్గర, ఆ రింగు కథే నడుస్తోంది. వానలో పాయింట్స్‌మన్ (పట్టాలు మార్చే మనిషి) చెయ్యి జారి టోకెన్ తుమ్మపొదల్లో పడిందని, లాంతరు పట్టుకుని అరగంట వెతికారని, అతనికి జీతం కోత పడిందని మాకందరికీ కంఠతా వచ్చు. నాన్న ముద్ద కలుపుతూ, "వాడు కాదు. వాడు గేటు దగ్గరున్నాడు. నేనే అందించా. నా చెయ్యే జారింది" అన్నాడు.

జబ్బు కల్పించిన మాటో, నిజమో నాకు తేల్చుకునే దారి లేదు. అమ్మ మాత్రం గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "యాభై ఏళ్లలో నాతో ఎప్పుడూ అనలేదే మీరు" అంది చివరికి.

నాన్న కంచంలోకి చూసి, "ఆవకాయ ఏదీ?" అన్నాడు.

అమ్మ ఒక ముక్క వేసింది. కాస్త ఆగి, ఇంకో ముక్క.