నానోటెక్నాలజీ గురించి జనంతో మాట్లాడించాం: నా అనుభవం

నానోటెక్నాలజీ, అంటే కంటికి కనపడనంత చిన్న రేణువులతో పనిచేసే సాంకేతికత, దాని మీద సామాన్య జనంతో చర్చ నడిపే పని మా సైన్స్ బృందం నాకు అప్పగించింది. పాఠం చెప్పడమైతే ఎలాగోలా చెప్పొచ్చు. ఎదురుగా శాస్త్రవేత్త కూర్చుంటే "మాకేం తెలుసండీ" అని వెనక్కి తగ్గేవాళ్లతో మాట్లాడించడం ఎలా? నా టెన్షనంతా అదే.

అందుకే ఉపన్యాసం పెట్టలేదు. వచ్చినవాళ్ల చేతికి ఎర్రటి ద్రవం ఉన్న చిన్న సీసా ఇచ్చాం. అందులో ఉన్నది బంగారమంటే ఎవరూ నమ్మలేదు. బంగారు రేణువులు పది ఇరవై నానోమీటర్ల సైజులో ఉంటే నీళ్లలో ఎర్రగా కనిపిస్తాయి. మైకేల్ ఫారడే 1857లోనే ఇలాంటి ద్రవాల మీద ప్రయోగాలు చేశాడు. అందులో కాస్త ఉప్పునీళ్లు పోశాం. రేణువులు గుంపులు కట్టి, రంగు నీలంవైపు తిరిగింది. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు అన్నప్పుడు మౌనంగా విన్నవాళ్లంతా ఇప్పుడు ముందుకు వంగారు. "బంగారం అదే, సైజును బట్టి గుణం మారిందన్నమాట. మరి ఒంట్లోకి వెళ్తే?" అని ఒక పెద్దావిడ అడిగారు. నానో పదార్థాల భద్రతను పరీక్షించేవాళ్లు మొదట వేసుకునే ప్రశ్న ఇదే. ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

తర్వాత చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టాం. శాస్త్రవేత్తలకు ఒకటే షరతు: అడిగితేనే చెప్పాలి, తేలని విషయాన్ని తేలలేదనే చెప్పాలి. వాళ్లకిది కష్టమే, పాపం. కానీ "దీనిమీద ఇంకా పరిశోధన జరుగుతోంది" అని ఒకరు ఒప్పుకున్నాకే ఆ గుంపులో అందరి గొంతులూ లేచాయి.

సన్‌స్క్రీన్ గురించి మాట్లాడిన గుంపు త్వరగానే ఒక మాటకు వచ్చింది. జింక్ ఆక్సైడ్ నానో రేణువులు తెల్లటి పూత కనపడకుండానే అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని దాటి అవి లోపలికి పెద్దగా వెళ్లవు. స్ప్రే రూపంలో పీలిస్తే ఊపిరితిత్తుల సంగతి వేరు, అక్కడ జాగ్రత్త అవసరం. క్రీమే మేలని అందరూ అన్నారు.

వాసన రాకుండా నానో వెండి కలిపిన మేజోళ్ల దగ్గర మాత్రం వాదన ఆగలేదు. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, నిజమే. ఉతికినప్పుడు అందులో కొంత నీళ్లలోకి పోతుంది. "మన మేజోళ్ల వాసన కోసం చెరువులో జీవాలు ఎందుకు బాధపడాలి?" అన్నారొకరు. మురుగునీటి శుద్ధిలో అది చాలావరకు సిల్వర్ సల్ఫైడ్‌గా మారి ప్రమాదం తగ్గుతుందని శాస్త్రవేత్త వివరించారు. శుద్ధి చేయకుండా వదిలే నీళ్ల మాటేమిటని వెంటనే ఎదురుప్రశ్న వచ్చింది.

యూరోపియన్ యూనియన్‌లో 2013 నుంచి సౌందర్య సాధనాల పదార్థాల జాబితాలో 'నానో' అని తప్పనిసరిగా రాయాలని చెప్పాను. అలా రాస్తే జనం అనవసరంగా భయపడతారని ఒక కుర్రాడు, తెలుసుకునే హక్కు ఉందని మిగతావాళ్లు. నేను రాజీ కుదర్చలేదు, రెండు మాటలూ అలాగే రాసుకున్నాను. వస్తువులు మార్కెట్ నిండా పరుచుకోకముందే ఇలాంటి మాటలు పరిశోధకుల చెవిన పడాలని నా గట్టి నమ్మకం. బ్రిటన్‌లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ 2004లో ఇచ్చిన నివేదిక కూడా ప్రజలతో చర్చ తొందరగా మొదలుపెట్టాలనే చెప్పింది.

మేజోళ్ల గుంపు అడిగిన ప్రశ్నలను ఆ శాస్త్రవేత్త రాసుకుని తీసుకెళ్లారు. వచ్చే సమావేశానికి మురుగునీటి శుద్ధిలో పనిచేసేవాళ్లను కూడా పిలవాలని ఆ గుంపే పట్టుబట్టింది. ఇప్పుడు వాళ్లతో మాట్లాడుతున్నాను.