టికెట్లు ముందు కొన్నాను, చెవులు తర్వాత చూపించుకున్నాను

ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని, నోరు కూడా మూసి, మెల్లగా ఊదమన్నారు డాక్టరుగారు. చెవిలో లైటు గొట్టం పెట్టి చూస్తూనే ఉన్నారు. ఊదాను. కుడి చెవిలో టక్కుమంది.

"కుడిపక్క పొర కదిలింది. ఎడమపక్క కదల్లేదు. ఇంకోసారి" అన్నారు ఒడియాలో.

ఇంకోసారి ఊదాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ ఎడమ చెవి మాత్రం ఉలకలేదు, పలకలేదు. బరంపురంలో బ్యాంకు క్లర్కు ఒకావిడ, నలభై ఆరేళ్ళ మనిషి, చెవుల డాక్టరు ముందు కూర్చుని బూర ఊదినట్టు ఊదడం ఎందుకంటే, ఇంకో నాలుగు వారాల్లో అండమాన్‌లో సముద్రం అడుగుకి దిగాలని. టికెట్లు అప్పటికే కొనేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఈ గోల మా అమ్మాయితో మొదలైంది. పదహారేళ్ళు. ఊళ్ళో ఈతకొలనులో రెండు ఎండాకాలాలు ఈత నేర్చుకుంది. ప్లస్ టూ మొదటి ఏడాది బాగా చదివితే ఏం కావాలన్నా కొంటానని నోరు జారాను. స్కూటీ అడుగుతుందనుకుంటే స్కూబా అంది, అంటే గాలి సిలిండరు వీపుకి కట్టుకుని సముద్రంలో మునగడం.

మా అత్తయ్యకి ఇదంతా చెప్పేసరికి, "ఏటమ్మా, గోపాలపూర్ పక్కనే ఉంది గదా, అక్కడ మునిగితే నీళ్ళు తడి అవ్వవా?" అన్నారు. నిజమే, పదహారు కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకుని విమానమెక్కడమేంటని నాకూ అనిపించింది. కానీ గోపాలపూర్ సముద్రం కెరటాల సముద్రం. మన తెలుగు జాలర్లు, నోళియాలు, తెప్ప మీద ఆ కెరటం దాటడమే ఒక విద్య. లోపల ఇసుక కలిసిన నీళ్ళు, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. పగడపు దిబ్బలుండాలంటే నీళ్ళు వెచ్చగా, తేటగా ఉండాలి. అండమాన్‌లో ఉంటాయి. పైగా మన దేశస్థులకి పోర్ట్ బ్లెయిర్‌కి, హేవ్‌లాక్, నీల్ దీవులకి వెళ్ళడానికి ప్రత్యేకంగా పర్మిట్లేమీ అక్కర్లేదు.

పేర్ల దగ్గర మాత్రం కాసేపు తికమకపడ్డాను. హేవ్‌లాక్ 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. విమానం టికెట్ మీద ఒక పేరు, ఫెర్రీ టికెట్ మీద ఒక పేరు, రిసార్టు వాళ్ళ నోట్లో ఇంకో పేరు. మూడు ఊళ్ళనుకుని మా ఆయన మూడు చోట్ల గదులు వెతికారు.

నెల ఎంచుకోవడం తేలికే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, సముద్రం అల్లకల్లోలం. మార్చిలో బ్యాంకు వాళ్ళు సెలవు మాట ఎత్తకూడదు. మిగిలింది ఫిబ్రవరి. సెలవు ప్రయాణానికి బ్యాంకు ఇచ్చే టికెట్ ఖర్చు, ఎల్ఎఫ్‌సీ, ఎలాగూ ఉంది కాబట్టి ఒక రాత్రి పదకొండింటికి కూర్చుని, భువనేశ్వర్ నుంచి కోల్‌కతా మీదుగా పోర్ట్ బ్లెయిర్‌కి రానూపోనూ ముగ్గురికీ టికెట్లు కొనేశాను. తిరుగు విమానం పొద్దున్న ఏడున్నరది, అదే చవక. హేవ్‌లాక్‌లో నాలుగు రోజులు, నాలుగో రోజు సాయంత్రం దాకా డైవింగ్, మర్నాడు పొద్దున్నే విమానం. ఎంత పొందిగ్గా కుదిరిందో అని నాకు నేనే మురిసిపోయి పడుకున్నాను.

మర్నాడు రిసార్టుకి ఫోన్ చేశాను. ఎనిమిది గదుల చిన్న రిసార్టు, డైవింగ్ నేర్పే వాళ్ళు అందులోనే ఉంటారు. హిందీలో మాట్లాడుతున్నాను. మధ్యలో మా అమ్మాయి ఏదో అడిగితే "ఉండవే, అడుగుతున్నాను గదా" అన్నాను. అవతలి అబ్బాయి ఒక్క క్షణం ఆగి, "మీది తెలుగా అండీ? మాది సోంపేట దగ్గర" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా వాళ్ళు అక్కడ తరాలుగా ఉన్నారని విన్నాను గానీ, 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అని అతను చెప్తేనే తెలిసింది. ఇక అక్కణ్ణించి పని సాఫీ అయింది. సాఫీ అంటే, నా ప్లాన్ ఎక్కడెక్కడ తప్పో తెలుగులో వివరంగా చెప్పాడు.

"నాలుగో రోజు మూడున్నరకి పైకి తేలారనుకోండమ్మా, మర్నాడు ఏడున్నరకి ఎన్ని గంటలు?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదహారు.

"కనీసం పద్దెనిమిది ఉండాలి. అయినా ఏడున్నర విమానం మీకు అందదు. మూడున్నరకి మీరు నీళ్ళలోంచి వస్తే ఆ రోజు ఆఖరి ఫెర్రీ అందుకోవడం కష్టం. మధ్యలో సముద్రం ఉంది గదమ్మా."

ఒకే రాత్రిలో ఒకే టికెట్‌తో రెండు తప్పులు. పద్దెనిమిది గంటల సంగతి ఏమిటంటే, లోతులో ఒత్తిడికి గాల్లోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లమెల్లగా ఊపిరితో బయటికి పోవాలి. పోకముందే విమానమెక్కితే, పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, గోలీ సోడాలో గోలీ నొక్కగానే లేచినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. ఒక్కసారి మామూలుగా మునిగితే పన్నెండు గంటలు ఆగాలి, పలుమార్లు మునిగితే పద్దెనిమిది. విమానమెక్కాక మునగడానికి మాత్రం అడ్డు లేదు, మునిగాక విమానం ఎక్కడానికే. తేదీ మార్పించాను. మనిషికి మూడు వేల చొప్పున వదిలింది. అలా దొరికిన ఒక రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలుకి పెట్టుకున్నాం.

తర్వాత మెయిల్లో ఆరోగ్యం ఫారం వచ్చింది. ఊపిరితిత్తులు, గుండె, నలభై ఐదు దాటాయా, ఫిట్స్, మందులు, ఇలా ప్రశ్నలు. అన్నిటికీ 'కాదు' అయితే సంతకం పెట్టి పంపెయ్యొచ్చు. కొన్నిటికి అవును అంటే డాక్టరు సంతకం కావాలి. మా ఆయన బీపీ మాత్రల దగ్గరే ఆగిపోయి, "నేను ఒడ్డున కూర్చుని మీ చెప్పులు కాస్తాలే" అని ఫారం మడిచి పక్కన పెట్టేశారు. ఇంతసేపూ ఆ సాకు కోసమే ఎదురుచూశారని నా అనుమానం. అమ్మాయికి అన్నిటికీ 'కాదు'. మైనరు గనక తల్లిదండ్రుల సంతకం.

నాకు ఒక ప్రశ్న తగిలింది. గత పన్నెండు నెలల్లో సైనస్ మళ్ళీ మళ్ళీ వచ్చిందా? వచ్చింది. దీపావళికి ఒకసారి, దానికి ముందు వానల్లో ఒకసారి.

టూర్లు కుదిర్చే ఒకాయన్ని ఈ సంగతి అడిగాను. "అన్నిటికీ నో పెట్టేయండి మేడమ్, అందరూ అంతే" అన్నాడు. నిజం చెప్పొద్దూ, పెన్ను ఆ గడి దాకా వెళ్ళింది కూడా. బ్యాంకులో ఇరవై ఏళ్ళుగా జనం చూడకుండా పెట్టిన సంతకాలు చూస్తున్నదాన్ని. ఆ సంతకాలు తర్వాత ఎవరి మెడకి చుట్టుకుంటాయో నాకు తెలుసు. అవును అని పెట్టాను.

మొదటి డాక్టరు ఫారం తిరగేసి, "ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదమ్మా, నేను పెట్టను" అన్నారు. తప్పుపట్టలేను. రెండో ఆయనే ఈ చెవుల డాక్టరు. ఆయనా చూళ్ళేదు. కానీ ఫారంతో పాటు డాక్టర్ల కోసం వచ్చిన కాగితాలన్నీ నా ఎదురుగానే కళ్ళజోడు సర్దుకుంటూ చదివారు. బయట పద్నాలుగు మంది టోకెన్లు పట్టుకుని ఉన్నారు. పది మీటర్ల లోతుకి పోతే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుందని, చెవి పొర లోపలికి నొక్కుకుంటుందని, ముక్కు వెనక నుంచి గాలి పంపి సరిచెయ్యలేకపోతే పొర చిరగొచ్చని కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మూడు వారాలు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమని, ఒక స్ప్రే రాసి, మళ్ళీ రమ్మన్నారు.

ఆ మూడు వారాలు మా ఇంట్లో పొద్దున్నే రెండు శబ్దాలు. వంటింట్లో కుక్కరు, బాత్రూంలో నేను. రోజుకి పదిసార్లు ముక్కు మూసుకుని ఊదడం. కౌంటర్లో కూడా జనం లేనప్పుడు ఊదేదాన్ని. పందొమ్మిదో రోజు, పప్పు తిరగమోత పెడుతుంటే ఎడమ చెవిలో చిన్నగా టిక్‌మంది. గరిటె అక్కడే వదిలేసి మా ఆయన దగ్గరికి పరిగెత్తాను. పోపు మాడింది.

డాక్టరుగారు మళ్ళీ చూసి, ఈసారి రెండు పొరలూ కదిలాయని సంతకం పెట్టారు. "జలుబుంటే మాత్రం ఆ రోజు దిగొద్దు. డబ్బు కట్టాను గదా అని అసలే దిగొద్దు" అన్నారు. జలుబు మాత్ర వేసుకుని దిగితే, లోపలున్నప్పుడు దాని ప్రభావం పోయి గాలి ఇరుక్కుంటుందట.

ఇంకో సంగతి. అమ్మాయి చేసేది పూర్తి కోర్సు. దానికి రెండు వందల మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. ప్యాసైతే పద్దెనిమిది మీటర్ల దాకా దిగొచ్చు. నాకు ఈత రాదు. నాది ఒక్క పూట ముచ్చట. పక్కనే ఇన్‌స్ట్రక్టరు పట్టుకుని తీసుకెళ్తారు, పన్నెండు మీటర్లు దాటనివ్వరు. కోర్సు పాఠాలు అమ్మాయి ఇంట్లోనే ఫోన్లో చదివేసింది. దాంతో అక్కడ ఒక పూట మిగిలింది. దాని కళ్ళజోడు పవరు కూడా ముందే చెప్పాను. పవరు అద్దాలున్న మాస్కులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. అడక్కపోతే చేపలు చుక్కల్లా కనపడేవి.

పడవలు తెల్లవారి ఆరింటికే బయల్దేరతాయి. ఎందుకో అక్కడికెళ్తే గానీ అర్థం కాలేదు. ద్వీపాలు మనకి బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. అయిదున్నర కాకుండానే పొద్దు కుంకిపోతుంది.

నా వంతు రెండో రోజు. నడుముకి బరువులు, వీపుకి సిలిండరు. ఒడ్డున మోయలేక వంగిపోయాను, నీళ్ళలోకి దిగగానే అదంతా మాయమైంది. మొదట నడుం లోతులో ఊపిరి తీయడం నేర్పారు. ఒక్కటే మాట పదిసార్లు చెప్పారు: ఊపిరి బిగపట్టొద్దు. పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బిగపడితే ఊపిరితిత్తులకే ప్రమాదం. తర్వాత మెల్లగా కిందకి. నాలుగు మీటర్ల దగ్గర ఎడమ చెవిలో సూది పెట్టినట్టు అయింది. చెయ్యి అడ్డంగా ఊపి చెవి చూపించాను. నన్ను పట్టుకున్న ఇన్‌స్ట్రక్టరు పిల్ల ఒక మీటరు పైకి తెచ్చి ఆపింది. ముక్కు పట్టుకుని ఊదాను. టిక్. వంటింట్లో విన్న టిక్కే.

ఆ తర్వాత నొప్పి లేదు. కింద ఒక చిలకచేప రాయిని కొరుకుతుంటే కరకరమని వినపడింది. ఎవరో అప్పడం నములుతున్నట్టు.

పైకి వచ్చేసరికి పదకొండు. పొద్దున మేం వెళ్ళినప్పుడు నీళ్ళు బాగా వెనక్కి పోయి ఒడ్డు మైదానంలా ఉంది. మా ఆయన అక్కడే ఒక దుంగ పక్కన మా చెప్పులు వరసగా పెట్టి, కుర్చీ కోసం వెళ్ళి, కుర్చీలోనే నిద్రపోయారు. ఇప్పుడు ఆ దుంగ చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. నావీ అమ్మాయివీ దుంగకి తట్టుకుని తేలుతున్నాయి. ఆయనవే లేవు.