తాతయ్యను అడిగి ఉంటే

1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో మా తాతయ్య ఆ భాషలోనే చదువుకున్నారు. ఆయన ఉండగా నేను ఒక్క ముక్కా నేర్చుకోలేదు. ఇప్పుడు గౌతమి గట్టున కూర్చుని రాసుకుంటున్నాను: ‘సి జావే దెమాందే, జొరే అప్రి’. అడిగి ఉంటే, నేర్చుకుని ఉండేదాన్ని. ‘ఉంటే’లోని షరతును చెప్పే ‘సి’ ఉన్న సగంలో, ‘ఉండేదాన్ని’ని చెప్పే ‘జొరే’ రాకూడదు. నేను పదేపదే తప్పింది అక్కడే.

ఇలాంటి వాక్యాల్లో మన ‘ఉండు’ అన్ని క్రియలకూ సరిపోతుంది. ఫ్రెంచిలో ఎక్కువ క్రియలకు ‘అవ్వార్’ (కలిగి ఉండు) సాయం. రావడం, వెళ్లడం, పుట్టడం వంటివాటికి ‘ఎత్ర్’ (ఉండు). అప్పుడు ‘వచ్చి ఉండేదాన్ని’ అన్నది ‘జ సెరే వెన్యు’ అవుతుంది. స్త్రీ రాస్తే చివర ఇంకో అక్షరం చేరుతుంది, పలకదు. మన ‘ఉండేదాన్ని’లో ఆడగొంతు స్పష్టంగా వినిపిస్తుంది, నాకది ఎంతో ఇష్టం.

తాతయ్య చివరి సంక్రాంతికి సెలవు దొరకలేదని నేను రాలేదు. దొరికి ఉంటే, జ సెరే వెన్యు.