పిరుదు ఎముక దగ్గర నొప్పి: సాగదీస్తే తగ్గదు

యోగా టీచర్లకు పిరుదులో నొప్పి వస్తే ముందు సయాటికా (నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) అనే అనుకుంటారు. నాకు కుడివైపు వచ్చినప్పుడు బరంపురంలో ఫిజియోథెరపిస్టు మొదట అడిగింది, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించగలరా?" అని. చూపించాను: కూర్చుంటే నేలకు ఆనే ఎముక, సరిగ్గా అక్కడ. సయాటికా అయితే సాధారణంగా నొప్పి మోకాలు దాటి దిగుతుంది, తిమ్మిరి కూడా ఉంటుంది. నాది తొడ వెనక కండరాన్ని ఆ ఎముకకు కట్టే స్నాయువు దెబ్బతినడం. హామ్‌స్ట్రింగ్ టెండినోపతీ అంటారు.

పశ్చిమోత్తానాసనంలో కూర్చునో, పాదహస్తాసనంలో నిలబడో ముందుకు వంగినప్పుడు ఆ స్నాయువు సాగడమే కాదు, ఎముకకు ఒత్తుకుంటుంది కూడా. నేర్చుకునేవాళ్లు వంగి లేచి వెళ్లిపోతారు. టీచరు ప్రతి బ్యాచికీ చూపించాలి, అదీ ఒళ్లు వేడెక్కకుండానే. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఇంకో తంటా: ఒకే సూచన తెలుగులో ఓసారి, ఒడియాలో ఓసారి చెప్పాలి, అంతసేపూ వంగే ఉండాలి. జూన్ 21 యోగా దినోత్సవం ముందు స్కూళ్లలో రిహార్సళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

చిక్కేమిటంటే ఇది పట్టేసినట్టే ఉంటుంది. పట్టేస్తే సాగదీయడం మా వృత్తిలో అందరికీ అలవాటు. సాగదీస్తే కాసేపు హాయిగా ఉండి, మర్నాటికి ఎక్కువవుతుంది. బంతి పెట్టి నొక్కినా అంతే.

నయం చేసేది మెల్లగా బరువు పెంచడం. మొదట సేతుబంధాసనం: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలు పిరుదులకు కాస్త దూరంగా పెట్టి, నడుము ఎత్తి 30 నుంచి 45 సెకన్లు ఆపాలి. మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. అలా ఐదుసార్లు. అది సులువయ్యాక ఒంటికాలితో, మూడు లెక్కపెడుతూ పైకి, మూడు లెక్కపెడుతూ కిందికి, రోజు విడిచి రోజు. ఆ తర్వాతే నిలబడి, వెన్ను తిన్నగా ఉంచి తుంటి దగ్గర మాత్రం వంగి బరువెత్తడం. ఐదు కిలోల బియ్యం సంచితో మొదలెట్టవచ్చు. చేసేటప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఉన్నా ఫరవాలేదు, 24 గంటల్లో మామూలు స్థాయికి రావాలి. రాలేదంటే బరువు ఎక్కువైందన్నమాట.

బస్సులో తొడల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుంటే ఎముక మీద ఒత్తిడి తగ్గుతుంది. క్లాసులో బాగా వచ్చిన విద్యార్థిని ముందు నిలబెట్టి మాటలతో నడిపించాలి. అసలు టీచరు చెయ్యాల్సింది అదే, కానీ మనకు చూపించాలనే సరదా. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పి త్వరగా తగ్గించవచ్చు, స్నాయువు బలహీనపడే ప్రమాదమూ ఉంది. నొప్పి తెలియకపోతే మళ్లీ వంగేస్తాం కూడా. వంగుతుండగా టప్‌మని, తొడ వెనక నల్లగా కమిలితే మాత్రం అది తెగడం కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

మూడు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే, ముదిరితే ఇంకా ఎక్కువ. వంగే ఆసనాలు చివర్లో, ముందు మోకాళ్లు మడిచి మొదలెట్టాలి. కాళ్లు ముందుకీ వెనక్కీ పూర్తిగా చాపే హనుమానాసనం అన్నిటికన్నా ఆఖరు. ఉదయం బ్యాచిలో దాన్ని తీసేశాను. ఎందుకు తీశారని అడిగినవాళ్లు లేరు.