టస్కీగీ మాకు 40 మైళ్ళే

'రెడ్ టెయిల్స్' 2012లో వచ్చిన సినిమా. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ నుంచి ఎగిరిన నల్లజాతి అమెరికన్ ఫైటర్ పైలట్ల కథ. దర్శకుడు ఆంథనీ హెమింగ్వే, వెనక నిలబడింది జార్జ్ లూకాస్. ముఖ్య పాత్రలన్నీ నల్లవాళ్ళే కావడంతో పెద్ద స్టూడియోలు ముందుకు రాలేదని, అందుకే సొంత డబ్బు పెట్టానని లూకాస్ టీవీలోనే చెప్పాడు. యుద్ధం ముగిసి అరవై ఏళ్ళు దాటాక కూడా పరిస్థితి అది.

నేను అలబామాలో మాంట్‌గోమరీ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ప్లాంటులో క్వాలిటీ ఇంజనీరుని. మా లైన్ మీద చాలామంది నల్లవాళ్ళే. ఈ సినిమా చూడమన్నది కూడా వాళ్ళలో ఒకాయన, మా షిఫ్టులో మెయింటెనెన్స్ చూసే పెద్దాయన. చూశాక బాగుందని చెప్తే, "విమానాలు బాగానే ఎగిరాయి. మరి టస్కీగీ ఏదీ అందులో?" అన్నాడు.

నిజమే. సినిమా నేరుగా 1944లో ఇటలీలో మొదలవుతుంది. ఆ కుర్రాళ్ళు ఎగరడం నేర్చుకున్నది మాత్రం ఇక్కడ అలబామాలో, మా ఇంటి నుంచి 40 మైళ్ళ దూరంలోని టస్కీగీలో. సినిమాలో లేని ఆ సగమే నన్ను ఎక్కువ పట్టుకుంది.

నల్లవాళ్ళకు తెలివి తక్కువ, ఆపదలో నిబ్బరం ఉండదు, నాయకత్వానికి పనికిరారు అని 1925లోనే అమెరికా ఆర్మీ వార్ కాలేజీ నివేదిక రాసిపెట్టింది. నల్లజాతి పత్రికలూ సంఘాలూ ఏళ్ళ తరబడి ఒత్తిడి తెస్తే 1941లో టస్కీగీలో శిక్షణ మొదలైంది. మొదటి బ్యాచ్‌లో 13 మంది చేరితే 1942 మార్చిలో రెక్కల బ్యాడ్జీ అందుకున్నది 5గురు. వాళ్ళలో ఒకడు బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్. సినిమాలో టెరెన్స్ హోవర్డ్ వేసిన కర్నల్ పాత్రకు మూలం ఈయనే.

డేవిస్ 1932లో వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో చేరాడు. నాలుగేళ్ళ పాటు డ్యూటీ మాటలు తప్ప తోటి క్యాడెట్లు ఆయనతో మాట్లాడలేదు. గదిలో ఒక్కడే, భోజనానికి ఒక్కడే. అలా వెలివేస్తే తనంతట తనే వెళ్ళిపోతాడని వాళ్ళ ఆశ. ఆయన 1936లో 276 మందిలో 35వ స్థానంలో పాసై బయటికొచ్చాడు. పైలట్‌గా దరఖాస్తు పెడితే నల్లవాళ్ళకు దళమే లేదని తిప్పి పంపారు. ఇది చదువుతుంటే మా తాలూకాలో టీ కొట్ల దగ్గర ఉండే రెండు రకాల గ్లాసులు గుర్తొచ్చాయి. మేము లోపల కడిగి పెట్టిన గ్లాసుల్లో తాగేవాళ్ళం. బయట చూరుకింద బోర్లించినవి ఎవరివో మాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత జరిగిన ఒక సంగతి నాలాంటి ఉద్యోగస్తులందరూ తెలుసుకోవాలి. 1943లో డేవిస్ నాయకత్వంలో టస్కీగీ పైలట్ల దళం, 99వ స్క్వాడ్రన్, యుద్ధంలోకి దిగింది. కొద్ది నెలలకే దాని పైనున్న గ్రూప్ కమాండర్ కర్నల్ విలియం మోమయర్, వీళ్ళకు పోరాడే చొరవ లేదని పైకి రాసి పంపాడు. ఆ కాగితం మెట్టు మెట్టూ ఎక్కి వాషింగ్టన్ దాకా వెళ్ళింది. స్క్వాడ్రన్‌ను యుద్ధం నుంచి తప్పించే మాట వచ్చింది. డేవిస్ అక్టోబర్‌లో వార్ డిపార్ట్‌మెంట్ కమిటీ ముందు నిలబడి ఒక్కొక్క ఆరోపణకూ జవాబు చెప్పాడు.

మా ప్లాంటులో ఏ పార్టులోనైనా లోపం వస్తే మొదట మూలకారణం వెతుకుతాం. ఇక్కడ మూలకారణం వెతికితే ఏం తేలుతుంది? మామూలుగా కొత్త పైలట్ అనుభవజ్ఞుడి పక్కన ఎగిరి యుద్ధం నేర్చుకుంటాడు. 99వ స్క్వాడ్రన్‌లో అందరూ కొత్తవాళ్ళే, ఎందుకంటే యుద్ధం చూసిన నల్ల పైలట్ అమెరికా సైన్యంలో ఒక్కడూ లేడు, తెల్లవాళ్ళతో కలిపి ఎగరనివ్వరు. విడిగా పెట్టి, ఆ విడిగా పెట్టడం వల్ల వచ్చిన లోటును వాళ్ళ జాతికి అంటగట్టారు. ఆ వెంటనే 1944 జనవరిలో ఇటలీలోని ఆంజియో మీద రెండు రోజుల్లోనే ఈ స్క్వాడ్రన్ డజను దాకా జర్మన్ విమానాలను కూల్చింది. అప్పటికి గానీ నోళ్ళు మూతపడలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తీసిన కొలతలు ఇంకొకరితో మళ్ళీ తీయించేవారు. పక్క టేబుల్ అతని కొలతలకు ఆ అవసరం రాలేదు. అడిగితే ప్రాసెస్ అన్నారు. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడు రెండోసారి అడగడు. దాన్ని ఆ పైలట్ల కష్టం పక్కన పెట్టను, పెట్టకూడదు కూడా. కానీ మోమయర్ రాసిన తరహా అప్రైజల్ ఎలా తయారవుతుందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

విమానాల తోకలకు ఎర్ర రంగు వేసిన ఈ నల్ల పైలట్ల 332వ ఫైటర్ గ్రూప్ బాంబర్లకు కాపలాగా ఎగిరింది. ఒక్క బాంబర్‌నూ పోగొట్టుకోలేదని చాలాకాలం చెప్పుకున్నారు. రికార్డులు తిరగేసిన చరిత్రకారులు 27 పోయాయని తేల్చారు. అదే పని చేసిన మిగతా గ్రూపుల సగటు 46. ఆ 27 అంకె చాలు, దానికి కథ కలపనక్కర్లేదు. ఇంకో మాట: ఒక్కో పైలట్ వెనక పదేసి మంది మెకానిక్కులు, ఆయుధాలు నింపేవాళ్ళు, పారాచూట్లు మడిచేవాళ్ళు ఉన్నారు. "ఇంజన్ విప్పి బిగించినవాళ్ళ పేర్లెవరికి తెలుసు?" అని మా పెద్దాయన బాధ.

సినిమాలో ఒక అధికారి తెల్లవాళ్ళ క్లబ్బులోకి వెళ్ళి, తిట్టించుకుని, చెయ్యి చేసుకుంటాడు. చివరికి తెల్ల పైలట్లే పిలిచి మందు పోయించడంతో ఆ ముచ్చట తీరిపోతుంది. నాకది తేలికగా అనిపించింది. 1945 ఏప్రిల్‌లో ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్ అనే సైనిక విమాన స్థావరంలో జరిగింది వేరు. నల్ల అధికారులు తెల్లవాళ్ళ క్లబ్బులోకి నడిచి వెళ్ళారు. వేరు క్లబ్బుల నిబంధనకు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమంటే 101 మంది పెట్టేది లేదన్నారు. అరెస్టయ్యారు. యుద్ధకాలంలో పై అధికారి ఆజ్ఞ కాదంటే ఉరిశిక్ష దాకా వెళ్ళొచ్చని తెలిసే ఆ పని చేశారు. మూడేళ్ళకు, 1948 జులైలో, సైన్యంలో వివక్ష రద్దు చేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చాడు.

మనవాళ్ళ వీకెండ్ పార్టీల్లో ఇల్లు కొనే మాట వస్తే, "అన్నా, ఆ వైపు చూడకు, అంతా నల్లోళ్ళే" అనే సలహా తప్పకుండా వస్తుంది. విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. 1923లో థిండ్ కేసులో ఇదే దేశపు సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వం కుదరదంది. 1946 తర్వాత కూడా మన దేశానికి ఏడాదికి 100 మంది కోటా. తలుపు తెరిచింది 1965 వలస చట్టం. అది ఊరికే రాలేదు, ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నల్లవాళ్ళు నడిచిన ఏడాదే, పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే వచ్చింది. మన వీసాలు, ఇళ్ళు, పిల్లల చదువులు ఆ చట్టం తర్వాతివే.

అట్లాంటా తెలుగువాళ్ళు వేసవిలో డెస్టిన్ బీచ్‌కి వెళ్ళేది ఐ-85 మీదే. ఈసారి అలబామాలో 38వ ఎగ్జిట్ దగ్గర దిగండి. ఆ పైలట్లు ఎగరడం నేర్చుకున్న మోటన్ ఫీల్డ్ పక్కనే, టికెట్ లేదు, తెరిచి ఉండే రోజులు మాత్రం ముందే చూసుకోండి. రెండు హ్యాంగర్లూ చూపించి, డేవిస్ నాలుగేళ్ళు ఎలా భోంచేశాడో పిల్లలకు చెప్పండి. మన ఊళ్ళో టీ గ్లాసుల సంగతి కూడా అక్కడే చెప్పండి.