చిన్న మున్సిపాలిటీ బడ్జెట్: లెక్క ఎక్కడ తప్పుతుంది

ఓఆర్‌ఆర్ దాటితే వచ్చే చిన్న మున్సిపాలిటీల్లో హైదరాబాద్ వాళ్లకు బోలెడు ప్లాట్లు. ఏటా మార్చి వచ్చేసరికి "ఇన్ని కోట్ల బడ్జెట్‌కు ఆమోదం" అని పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త పడుతుంది. ఆ కోట్ల అంకెతో తెలిసేది ఏమీ లేదు. అడగాల్సిన కాగితం డీసీబీ: డిమాండ్ (రావాల్సిన పన్ను), కలెక్షన్ (వసూలైంది), బ్యాలెన్స్ (మిగిలిన బకాయి).

30 వేల జనాభా ఉన్న ఊరు అనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఈ ఏడాది ఇంటి పన్ను డిమాండ్ 1.20 కోట్లు, పాత బకాయి 80 లక్షలు. బడ్జెట్ పుస్తకంలో రెండూ కలిపి 2 కోట్లు రాబడి అని రాసేస్తారు. వసూలు తీరు చూస్తే ఈ ఏడాది డిమాండ్‌లో 75 శాతం, పాత బకాయిలో 20 శాతం వస్తున్నాయి. అంటే 90 లక్షలు, 16 లక్షలు, మొత్తం 1.06 కోట్లు. మిగతా 94 లక్షలకు కూడా పనులు మంజూరైపోయి ఉంటాయి. కాంట్రాక్టర్ బిల్లు వచ్చే ఏడాదికి జరుగుతుంది. ఇలా రెండేళ్లు జరిగితే టెండర్ వేసేవాడు ఆ ఆలస్యాన్ని కూడా రేటులో కలుపుకుంటాడు.

పాత బకాయి ఎందుకు కదలదు? ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్ నంబర్లు, అంటే పన్ను రికార్డు నంబర్లు, ఉంటాయి. కూలగొట్టిన ఇల్లు రికార్డులో నిలబడే ఉంటుంది. కొన్ని కోర్టులో ఉంటాయి, కొన్ని ప్రభుత్వ ఆఫీసులవే. ఖాళీ స్థలం పన్ను నోటీసు ప్లాట్ అడ్రసుకు వెళ్లి తిరిగొస్తుంది, ఓనరేమో కూకట్‌పల్లిలో ఉంటాడు. పైగా బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. కాగితం మీద బకాయి ఉబ్బుతూనే ఉంటుంది, కట్టాల్సినవాడు వడ్డీ మాఫీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. మాఫీ ఇచ్చిన ప్రతిసారీ టైముకు కట్టినవాడికి బుద్ధి తక్కువన్నట్టే. రాబడి రాసేటప్పుడు గత మూడేళ్ల వసూలు శాతాల సగటు తీసుకోవాలి. ఆశ కొద్దీ రాస్తే ఇంతే.

వసూలైన డబ్బు కూడా మొత్తం మున్సిపాలిటీది కాదు. పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాలి. కాంట్రాక్టర్ల డిపాజిట్లు వాళ్లకు తిరిగివ్వాల్సినవి. 15వ ఆర్థిక సంఘం 2021–26కు చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 40 శాతం మాత్రమే స్వేచ్ఛగా వాడుకునేది. మిగిలిన 60లో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. బ్యాంకులో 3 కోట్లు కనిపిస్తున్నాయని సీసీ రోడ్డు మంజూరు చేసే ముందు ఏ ఖాతాలో ఏ డబ్బుందో విడగొట్టి చూడాలి.

ఇక ఖర్చు. మొదట జీతాలు. 60 మంది పారిశుధ్య కార్మికులు, తలకు నెలకు 15 వేలు అనుకుంటే ఏడాదికి 1.08 కోట్లు అని రాసి వదిలేస్తారు. యాజమాన్య వాటాగా పీఎఫ్, దాని ఇతర చార్జీలు కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం. తలకు నెలకు ఇంకో 2,437 రూపాయల 50 పైసలు, అందరికీ కలిపి ఏడాదికి 17.55 లక్షలు. ఇది రాయకపోతే పీఎఫ్ కట్టడం ఆగుతుంది. వారానికో సెలవు ఇవ్వాలంటే రోజూ 60 మంది రోడ్డు మీద ఉండటానికి మస్టర్‌లో (హాజరు పట్టీలో) 70 మంది కావాలి. సబ్బులు, కొబ్బరినూనె, గ్లౌజులు వేరే పద్దు. కోత పెట్టాల్సి వస్తే మొదట పోయేది అదే, పోకూడనిదీ అదే.

కరెంటు బిల్లు, ఆఫీసు భాషలో సీసీ చార్జీలు, అంచనాతో రాయకూడదు, లెక్క కట్టాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 30 వేల మందికి 4,050 కిలోలీటర్లు. ఒక కిలోలీటరును ఒక మీటరు ఎత్తడానికి 0.002725 యూనిట్లు. మొత్తం హెడ్ (పైపుల్లో పోయే ఒత్తిడి కలుపుకొని నీళ్లు ఎత్తాల్సిన ఎత్తు) 60 మీటర్లు, పంపు, మోటారు కలిపి సామర్థ్యం 60 శాతం అయితే రోజుకు దాదాపు 1,100 యూనిట్లు, నెలకు 33 వేలు. మీటరు 45 వేలు చూపిస్తే పంపులో నీటిని తోసే చక్రం (ఇంపెల్లర్) అరిగిందో, మెయిన్ పైపు ఎక్కడో కారుతోందో వెతకాలి. బడ్జెట్ పెంచుకుంటూ పోతే లీకు ఆగదు.

వీధి దీపాలు 1,500, సగటున 35 వాట్లు, రాత్రికి 11.5 గంటలు: ఏడాదికి 2.2 లక్షల యూనిట్లు. థర్డ్ వైర్, అంటే వీధి దీపాలకు విడిగా వేసే స్విచ్ వైరు, వేయని లైన్లలో మాత్రం ఆర్పే దారి ఉండదు, పగలూ వెలుగుతాయి. అక్కడ బిల్లు రెట్టింపు దాటుతుంది. కొత్త ఎల్‌ఈడీలు కొనేముందు ఆ వైరుకు డబ్బు పెట్టడం మేలు.

బ్లీచింగ్ పౌడర్ చిన్న పద్దే కానీ తప్పు జరిగేది ఇక్కడే. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్, పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ అనుకుంటే రోజుకు 27 కిలోలు. ఏడాది సరుకు ఒకేసారి కొంటే రేటు తగ్గుతుందని కొంటారు. ఎండాకాలం రేకుల షెడ్డులో బస్తాలు పేరిస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది. లెక్క ప్రకారం 27 కిలోలు కలిపినా చివరి కుళాయి దగ్గర లీటరుకు ఉండాల్సిన 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కూడా దొరకదు. రెండు మూడు నెలలకోసారి కొని, వచ్చిన బస్తాను పరీక్షించి దించుకోవాలి.

తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. మొక్కలకే డబ్బంతా పోసి మార్చి నుంచి మే దాకా ట్యాంకర్ డీజిల్‌కు ఏమీ ఉంచకపోతే కంచెలు మాత్రం మిగులుతాయి.

చివరగా నెలవారీ పట్టిక. పన్ను ఎక్కువగా వచ్చేది మార్చిలో, 5 శాతం రాయితీ ఉండే ఏప్రిల్‌లో. జీతాలు, కరెంటు మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. ఏప్రిల్ వసూళ్లలోంచి కనీసం మూడు నెలల జీతాలు పక్కన పెట్టాలి. అక్టోబరులో వసూలును పట్టికతో పోల్చి, తగ్గితే ఇంకా మొదలుపెట్టని రోడ్ల పనులు ఆపాలి. వర్క్ ఆర్డర్ ఇచ్చాక ఆపడం కుదరదు.